పొగాకు వేషములు – మన యువజనులు

"కొత్తొక వింత, పాతొక రోత" యని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతలోని సత్యమును పొగాకు వర్తకులు ఎరిగినంతగా మరియెవ్వరును ఎరుగరని మా యభిప్రాయము. రమారమి నాలుగు వందల యేండ్లనుండి మన దేశమున ఒకే ఆకు అమ్ముడుపోవుచున్నది. ఒకసారి పట్టుకొన్నచో మనిషిని వదలని నికొటిన్ అను పదార్థము ఆ యాకులో నాడెట్లుండెనో నేడును అట్లే యున్నది. మారుచు వచ్చినది దాని వేషము మాత్రమే. మన పల్లెలకు వచ్చు పగటివేషగాడు ఒకనాడు సోమయాజిగను, మరునాడు పఠానుగను ముంగిట నిలిచినను మనిషి ఒక్కడే యైనట్లు, పొడుము, చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా, నేటి ఎలక్ట్రానిక్ సిగరెట్టు – ఇవి యన్నియు ఒక్క పొగాకు ధరించిన వేషములే.

ఈ సంచికలో దేవాలయములను గూర్చియు, కవులను గూర్చియు పెద్దలు వ్రాయుచుండగా మేము పొగాకును గూర్చి వ్రాయుటకు కారణము కలదు. ఈ వేషముల చరిత్రను పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగును. ప్రతి క్రొత్త వేషమును మొదట ఆదరించువారు యువజనులు. పెద్దలు గుర్తించి గద్దించునది మాత్రము నిన్నటి వేషమును. ఈ యెడము ఉన్నంత కాలము పొగాకునకు క్రొత్త తరము దొరకుచునే యుండును. స్వరాష్ట్రమును విడిచి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందును, యానాములోను తరతరములుగ స్థిరపడిన మన కుటుంబములకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధము కలదు. ఈ యాకును పండించినవారు, చుట్టినవారు, అమ్మినవారు, దానివలన వ్యాధిగ్రస్తులైనవారు మనలో పలువురున్నారు.

బిజాపురము నుండి ఆగ్రాకు

పొగాకు అమెరికా ఖండమునకు చెందిన మొక్క. పోర్చుగీసు వర్తకులు దానిని పడమటి తీరమున దింపగా అక్కడనుండి దక్కను సుల్తానుల రాజ్యములకు ప్రాకెను. అక్బరు చక్రవర్తి రాయబారిగా బిజాపురమునకు వచ్చిన ఆసద్ బేగ్ అను నతడు అక్కడ పొగాకును చూచి ఆశ్చర్యపడి, దానిని కొంత మూటగట్టుకొని, రత్నములు పొదిగిన గొట్టముతో సహా 1604–05 ప్రాంతమున ఆగ్రాకు కొనిపోయి చక్రవర్తికి సమర్పించెను. నేడు విజయపుర మనబడు ఆ బిజాపురము మన కర్ణాటక సభ్యులకు సుపరిచితమే.

ఆ కొలువులో జరిగిన వాదము నేటికిని తెలిసికొనదగినది. అక్బరు రెండు మూడు మారులు పొగ పీల్చగానే ఆస్థాన వైద్యుడు అడ్డుపడెను. మన వైద్య గ్రంథములలో లేని వస్తువును, గుణదోషములు తెలియని వస్తువును ప్రభువు ముట్టరాదని యతని వాదము. ఆసద్ బేగ్ దానికి బదులుగా, పాశ్చాత్యులలోను విజ్ఞులు కలరనియు, లోకములోని ప్రతి ఆచారమును ఒకనాడు క్రొత్తదియే యనియు వాదించెను. అక్బరు దానిని అలవాటు చేసికొనలేదు. కాని కొలువులోని ప్రభువులు తలకొంచెము పంచుకొనిరి; మరికొంత కావలెనని యడిగిరి; వర్తకులు తెప్పించి అమ్మసాగిరి. అక్బరు కుమారుడు జహంగీరు 1617లో పొగాకును నిషేధించెను. ఆ నిషేధము నిలువలేదు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు 1604లోనే పొగాకును దూషించుచు ఒక పుస్తకము ప్రకటించెను. అదియు ఫలింపలేదు.

చదువరులు గమనింపవలసినది ఇది. వైద్యుడు గుణదోషములను ప్రశ్నించెను. అతనికి వచ్చిన సమాధానము గుణదోషములను గూర్చినది కాదు, క్రొత్తదనమును గూర్చినది. తరువాత వచ్చిన ప్రతి వేషమునకును ఇదియే సమాధానమైనది.

పొడుము, చుట్ట

దక్షిణ దేశమున పొగాకు త్వరలోనే పంటయైనది. పదునేడవ శతాబ్ది తొలి భాగమున మచిలీపట్టణమున నున్న ఇంగ్లీషు వర్తకుడు విలియమ్ మెథ్వోల్డ్ గోలకొండ రాజ్యమును వర్ణించుచు అక్కడి పొగాకును గూర్చియు వ్రాసినాడు. కాలక్రమమున మచిలీపట్టణపు పొడుము ప్రసిద్ధి కెక్కెను. పొడుము నాటి పండితులకును, ఉద్యోగస్తులకును గౌరవ చిహ్నము. వెండి పొడుము డబ్బీని తెరచి యెదుటివారికి అందించుట మర్యాద. పొగ లేదు, నిప్పు లేదు, తలనొప్పికిని జలుబునకును మంచిదని పేరు. హాని లేనిది, మర్యాదయైనది – అను రెండు బిరుదులను పొగాకు మొట్టమొదట సంపాదించినది ఈ వేషములోనే.

చుట్ట సామాన్యుల వేషము. గోదావరి లంకలలో పండిన లంక పొగాకు చుట్టలకు పెట్టినది పేరు. యానాము పరిసరములవారికి దీనిని గూర్చి వేరుగ చెప్పవలసిన పని లేదు. తమిళ దేశమున తిరుచిరాపల్లి, దిండుక్కల్లు చుట్టలు ఓడలెక్కి ఇంగ్లండు వరకు పోయినవి. విశాఖ, శ్రీకాకుళ మండలముల తీర గ్రామములలో స్త్రీలు చుట్టను వెలిగించి, నిప్పున్న కొననే నోటిలో నుంచుకొని పీల్చు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ యందురు. అంగుట తెల్లబారి, పుండై, తుదకు అచ్చటనే కేన్సరు పుట్టుటను విశాఖపట్టణపు వైద్యులు పరిశీలించి ప్రకటించిరి. వెలుపలివారు దానిని వింతగా చూచిరి గాని, ఆ గ్రామములలో అది కూతురు తల్లిని చూచి నేర్చిన సామాన్యమైన అలవాటు.

పిల్లలు చుట్టను నేర్చినది ఎట్లు? పెద్దలవలననే. చుట్టలు తెమ్మని పిల్లవానిని అంగడికి పంపుట, పొయ్యిలోని నిప్పుతో వెలిగించి తెమ్మనుట మన యిండ్లలో తప్పుగా ఎంచబడలేదు. వెలిగించుటకు ఒక పీల్పు పీల్చవలెను గదా! ఆ పీల్పుతోనే పలువురికి అక్షరాభ్యాసమైనది.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ఈ విషయమున గొప్ప సాక్ష్యము. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడిన ఆ నాటకమున గిరీశము వెంకటేశమునకు ఇంగ్లీషు చదువు చెప్పవలసిన గురువు. శిష్యునికి అబ్బినది చుట్ట కాల్చుట. గిరీశము చుట్టను బలవంతముగ నోట పెట్టినవాడు కాడు. మాటల గారడీతో అది నాగరికతయని తోపింపజేసినాడు. ప్రకటనలు, చలనచిత్రములు రాకమునుపే ప్రకటనకర్త చేయు పనిని అప్పారావుగారు మన కన్నుల యెదుట నిలిపినారు.

సిగరెట్టు, బీడీ

ఇరువదవ శతాబ్ది ఆరంభమున చుట్ట రోతయైనది, సిగరెట్టు వింతయైనది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఏర్పడెను. 1912లో ఆకును సేకరించుటకు ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వెలసి గుంటూరును కేంద్రముగ చేసికొనెను. తరువాత వర్జీనియా పొగాకు నల్లరేగడి భూములలో వ్యాపించెను. ఆకును వేడిగాలితో పండబెట్టు బ్యారన్లు పొలముల నడుమ లేచినవి. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరున పొగాకు బోర్డు ఏర్పడినవి. ఈ పంటవలన మేడలు కట్టినవారు కలరు, ధర పడిపోయి అప్పులపాలైనవారును కలరు. రైతును నిందించుట మా యుద్దేశము కాదు.

చుట్ట కాల్చు తండ్రి కొడుకు సిగరెట్టు పట్టెను. తండ్రిది మోటు, తనది నాగరికము అని యతని భావన. కళాశాల విద్యార్థి, గుమాస్తా, సైనికుడు, చలనచిత్ర కథానాయకుడు – వీరందరి చేతను ఒకే తెల్లని గొట్టము. హైదరాబాదు చార్మినార్ సిగరెట్టు పేరు తెలియని తెలుగువాడు ఆ కాలమున అరుదు.

అదే కాలమున విదేశీ సిగరెట్టును విడిచిన స్వదేశాభిమానులు కొందరు బీడీని పట్టిరి. దేశభక్తియు ఈ విధముగ పొగాకునకు ఒక వేషమైనది. తునికి ఆకులో పొగాకు పొడి నుంచి దారముతో కట్టు బీడీ బీదవాని పొగ. దాని వెనుక మన స్త్రీల శ్రమ యెంతయో కలదు. నేతపనికై తెలంగాణమునుండి షోలాపురమునకు వలసపోయిన పద్మశాలి కుటుంబములలో పురుషుడు మగ్గముమీదను మిల్లులోను, స్త్రీ ఇంట చేటలో ఆకులు పెట్టుకొని బీడీలు చుట్టుచు సంసారము నీడ్చిరి. మిల్లులు మూతబడిన పిదప పలు ఇండ్లలో బీడీయే ఆధారమైనది. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టము వచ్చినది. ఆ కూలి డబ్బుతో చదువుకొని వైద్యులు, ఉపాధ్యాయులు అయిన బిడ్డలు మన సంఘములలో కలరు. ఆ తల్లుల చేతివ్రేళ్ల కాయలను చూచినవారు బీడీని తేలికగా మాటలాడలేరు. తాము దినమంతయు పొగాకు ధూళి పీల్చుచు చుట్టిన బీడీని తమ బిడ్డ నోట చూడవలెనని వారిలో ఒక్కరును కోరియుండరు.

1950లో డాల్, హిల్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు సిగరెట్టునకును ఊపిరితిత్తుల కేన్సరునకును గల సంబంధమును నిరూపించుచు వ్యాసము ప్రకటించిరి. 1964లో అమెరికా ప్రభుత్వపు ముఖ్య వైద్యాధికారి నివేదిక దానిని ధ్రువపరచినది. జనులు బెదిరిరి. కంపెనీలు వెంటనే దూదివంటి మొనగల ఫిల్టరు సిగరెట్టును ముందుకు నెట్టినవి. ఇది నిరపాయకరమను భావము కలిగించినవి. భయము పుట్టినప్పుడు దానిని తొలగించుటకు క్రొత్త వేషము సిద్ధముగ నుండుట ఇక్కడనుండియే గట్టి పద్ధతి యైనది. మన దేశమున సిగరెట్టు పెట్టెమీద హెచ్చరిక ముద్రింపవలెనని 1975లో శాసనము చేసిరి. అది ఇంగ్లీషు చదివినవాని సిగరెట్టునకే గాని బీదవాని బీడీకి వర్తింపలేదు.

తాంబూలపు ముసుగు

1980 దశకములో పొగాకు మన తాంబూలపు ముసుగు వేసికొని వచ్చెను. తమలపాకు, వక్క, సున్నము మన శుభకార్యములకు గుర్తులు. ఆ పరిమళమును వక్కపొడిలో కలిపి, పొగాకు చేర్చి, చిన్న సంచులలో నింపి, తోరణములవలె ప్రతి కిళ్లీ కొట్టు ముందు వ్రేలాడదీసిరి. బడి బాలుని చేతి చిల్లరకు సరిపడు వెల. పొగ లేదు కనుక వాసన తెలియదు. కుర్రవాడు గుట్కా నములుచున్నను తల్లి వక్కపొడి యనుకొనెను. మేము గుమాస్తా పనిలో నున్న దినములలో ప్రభుత్వ భవనముల మెట్ల మూలలు ఎర్రబారుటను చూచి అసహ్యించుకొంటిమి గాని, గోడకంటె ముందు చెడుచున్నది నోరు అని అందరికిని తట్టలేదు. కొన్నేండ్లకు ఇరువది, ముప్పది యేండ్లవారు నోరు తెరువలేని స్థితిలో వైద్యశాలలకు రాసాగిరి. చెంపలోపలి పొర గట్టిపడి, చెంచా పట్టుటయు కష్టమగు ఆ వ్యాధి కేన్సరునకు దారి తీయగలదు.

2011లో ఆహార భద్రతా నిబంధనలు పొగాకు కలిసిన తినుబండములను నిషేధించినవి. 2012, 2013 సంవత్సరములలో పలు రాష్ట్రములు దానిని అమలుపరచినవి. అంతట అమ్మువారు పాన్ మసాలా నొక సంచిలోను, పొగాకును వేరొక సంచిలోను పెట్టి జంటగా అమ్మసాగిరి. కొన్నవాడు కలుపుకొనుటయే తరువాయి.

ప్రకటనల కథయు ఇట్టిదే. విల్స్ అను సిగరెట్టు పేరును 1990 దశకమున మన జాతీయ క్రికెట్టు జట్టు చొక్కాలమీద చూచితిమి. 1996లో మన దేశమును, పాకిస్తాన్, శ్రీలంకలును కలిసి జరిపిన ప్రపంచ కప్పు పోటీకి పేరే విల్స్ కప్పు. ఆట చూచు బాలుని మనస్సులో ఆ పేరు వీరులతో పాటు నిలిచినది. 2001లో ఆ కంపెనీ క్రీడా పోషణనుండి వైదొలగెను. 2003 నాటి చట్టము పొగాకు ప్రకటనలను, 18 ఏండ్లు నిండనివారికి అమ్మకమును, విద్యాలయములకు 100 గజములలోపల అమ్మకమును నిషేధించెను. అయినను పాన్ మసాలా పేరిటను, ఏలకుల పేరిటను వచ్చు ప్రకటనలు అవే గుర్తులను పిల్లలకు పరిచయము చేయుచునే యున్నవి.

నేటి వేషము

2003లో హోన్ లిక్ అను చైనా ఔషధ శాస్త్రజ్ఞుడు నేటి ఎలక్ట్రానిక్ సిగరెట్టును నిర్మించెను. అతడు స్వయముగ పొగత్రాగువాడు. అతని తండ్రి ఊపిరితిత్తుల కేన్సరుతో మరణించెను. సిగరెట్టు మాన్పించుటయే అతని యుద్దేశము. ఈ సాధనములో చిన్న బ్యాటరీ, వేడెక్కు తీగచుట్ట, నికొటిన్ కలిపిన ద్రవము ఉండును. పీల్చినప్పుడు ద్రవము వేడెక్కి సన్నని తుంపరగా ఊపిరితిత్తులలోనికి పోవును. చూచుటకు నీటి ఆవిరివలె నుండును గాని అది నీటి ఆవిరి కాదు. నికొటిన్, ఇతర రసాయనములు అందు కలవు. చిరకాలముగ సిగరెట్టు కాల్చు పెద్దవానికి ఇది సిగరెట్టుకంటె తక్కువ హానికరమని ఇంగ్లండు వైద్యాధికారులు చెప్పుదురు. అది యొక ప్రశ్న. ఏనాడును పొగాకు ముట్టని పదునైదేండ్ల బాలుని గతి యేమి అనునది వేరు ప్రశ్న. ఎదుగుచున్న మెదడు నికొటిన్‌నకు త్వరగా లోబడును; ఆ యెదుగుదల సుమారు 25 ఏండ్లవరకు సాగునని వైద్యుల మాట.

ఈ రెండవ ప్రశ్నకు అమెరికా సమాధానము చూపినది. 2015లో జూల్ అను సాధనము అక్కడ బజారులోనికి వచ్చెను. అది కంప్యూటరునకు తగిలించు పెన్‌డ్రైవును పోలియుండును. మామిడి, పుదీనా మొదలగు రుచులు. తరగతి గదిలో బల్లమీద నున్నను ఉపాధ్యాయుడు గుర్తుపట్టలేదు. 2018లో అక్కడి విద్యార్థులలో సుమారు 36 లక్షలమంది ఎలక్ట్రానిక్ సిగరెట్టు వాడుచున్నారని లెక్క తేలినది. ఆ డిసెంబరులో ఆ దేశపు ముఖ్య వైద్యాధికారి దీనిని యువజనులలో ప్రబలిన మహమ్మారిగా ప్రకటించెను.

మన దేశమున కర్ణాటక రాష్ట్రము 2016లోనే దీనిని నిషేధించినది. 2019 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సును, డిసెంబరులో చట్టమును తెచ్చి తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన, నిల్వ – అన్నిటిని దేశమంతట నిషేధించెను. మొదటి తప్పునకు ఒక సంవత్సరము వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఎలక్ట్రానిక్ హుక్కా కూడ ఇందులో చేరినదే. కర్ణాటకమున 2024లో హుక్కాను నిషేధించిరి. పొగాకు కొనుటకు వయస్సును 21 ఏండ్లకు పెంచు సవరణ 2025లో అమలునకు వచ్చెను. శాసనములు మంచివే. కాని జహంగీరు శాసనమేమైనదో చూచితిమి. నిషేధింపబడిన వస్తువు దొంగచాటుగ చేతులు మారుచునే యున్నది. పట్టుబడిన సరుకును గూర్చి పత్రికలలో చదువుచునే యున్నాము.

మన కర్తవ్యము

నిరాశకు కారణము లేదు. 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులలో పొగాకు వాడువారు 2009లో నూటికి 14.6 మంది యుండగా 2019 నాటికి 8.5 మందికి తగ్గిరని మన దేశపు పరిశీలన తెల్పినది. మొక్కై వంగనిది మానై వంగదు. కాని మొక్కలు వంగుచున్నవని ఈ లెక్క చెప్పుచున్నది. అదే పరిశీలనలో మరియొక సంగతి గలదు. సిగరెట్టు త్రాగిన పిల్లలలో నూటికి 38 మంది, బీడీ త్రాగినవారిలో 47 మంది, నమలు పొగాకు వాడినవారిలో 52 మంది పది యేండ్లు నిండకమునుపే ప్రారంభించినవారట. కళాశాలకు పంపునప్పుడు బుద్ధి చెప్పుదమనుకొను తలిదండ్రులు అప్పటికే ఆలస్యము చేసినవారగుదురు.

మన సంఘములకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది, మన ఉత్సవములందును, వివాహ విందులందును పళ్లెములో సిగరెట్లు, జర్దా కిళ్లీలు పెట్టు ఆచారమును మానవలెను. తాంబూలమునకు ఆకు, వక్క చాలునన్నది పాత మాట. వక్కయు నోటికి మంచిది కాదని వైద్యులు చెప్పుచున్నందున పండు, పూవు, తమలపాకు ఇచ్చినను మర్యాదకు లోటు రాదు. రెండవది, పెద్దల పొగాకునకై పిల్లలను అంగడికి పంపరాదు. మూడవది, బీడీపై ఆధారపడిన మన కుటుంబములలోని ఆడపిల్లలకు వేరు వృత్తి నేర్పుటకు సంఘనిధినుండి విద్యార్థివేతనములు ఈయవలెను. పొగాకును తిట్టుచు ఆ యింటి పొయ్యిని మరచుట న్యాయము కాదు. అలవాటు మాన గోరువారికి 1800-11-2356 అను సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగ సలహా లభించును. ఈ సంఖ్య పొగాకు పెట్టెలమీదనే ముద్రింపబడియున్నది.

ఇక ఇంటిలో చేయవలసిన పని. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో మాటలాడుదురు, చెలికాండ్రతో ఇంగ్లీషు. వారి లోకమున పుట్టిన క్రొత్త వస్తువుల పేర్లు మన తెలుగులోనికి వచ్చుసరికి ఆ వస్తువులు పాతబడును. చొక్కాకు చుట్ట కంపు కొట్టుచున్నదా యని వాసన చూచు తాతగారికి మామిడి పండు పరిమళము అనుమానము కలిగింపదు. కావున గద్దించుటకు ముందు తెలిసికొనుట అవసరము. బడి యెదుటి కొట్టులో క్రొత్తగా నేమి అమ్ముచున్నారో, తోటివారు జేబులో నేమి దాచుకొనుచున్నారో భోజనముల వేళ నెమ్మదిగ అడిగినచో పిల్లలు చెప్పుదురు. పిల్లలనడిగి తెలిసికొనుట పెద్దలకు చిన్నతనము కాదు.